ఒక్కరూ వద్దనని అధ్యయనం: బండల ఫ్యాక్టరీ కూలీల కేసు

మనుషుల మీద జరిగే పరిశోధనలను చూసి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి పరిశోధకులు పంపే ప్రోగ్రెస్ రిపోర్టులో ఒక చోట రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. ఎంతమందిని అడిగారు, ఎంతమంది ఒప్పుకున్నారు. ఈ కేసులో ఆ రెండూ ఒకటే. వందల మందిని అడిగితే ఒక్కరు కూడా వద్దనలేదు. ప్రధాన పరిశోధకుడికి అది సంతోషంగానే ఉంది, ఫైలు చూస్తున్న మాలో ఇద్దరు ముగ్గురికి మాత్రం నమ్మబుద్ధి కాలేదు. రక్తం ఇస్తారా అంటే చదువుకున్నవాళ్ళే ఎందుకు, ఏమిటి, రేపు చూద్దాం అంటారు. రోజు కూలి మీద బతికేవాళ్ళు అంతమంది ఏమీ అడక్కుండా చెయ్యి చాపారంటే, అడిగే వీలే లేకపోయి ఉండాలి.

నేను డాక్టర్ని కాదు. సోషల్ వర్క్ చదువుకుని ఎథిక్స్ కమిటీలో సోషల్ సైంటిస్టు స్థానంలో ఉన్నదాన్ని. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, అందులో సగం మందికి ఆ సంస్థతో సంబంధం ఉండకూడదు, ఒక లాయరు, ఒక మామూలు మనిషి, నాలాంటివాళ్ళు ఒకరు తప్పనిసరి. ఇదేదో అలంకారానికి పెట్టిన నిబంధన కాదని ఈ కేసు తర్వాత గట్టిగా అనిపించింది, అందుకే రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

తాడిపత్రి, బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, వీటిలో ఏదో ఒకటి అనుకోండి, లేదంటే పక్క ఊరు అనుకోండి. బండలు కోసి పాలిష్ పట్టే షెడ్లు రోడ్డుకి రెండు వైపులా వరసగా ఉంటాయి. గ్రానైట్‌లో సిలికా ఎక్కువ, నాపరాయిలో అంతకన్నా తక్కువ. నీళ్ళు పోస్తూ కోస్తే దుమ్ము అణుగుతుంది. కానీ అంచులు చెక్కే దగ్గర, చిన్న కటింగ్ మిషన్ల దగ్గర, ఎండాకాలం నీళ్ళు సరిగా రాని రోజుల్లో, పొడిగానే కోస్తారు. ఏళ్ళ తరబడి ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల్లో మచ్చలు పడే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది, అది వచ్చిన ఊపిరితిత్తులకు టీబీ సులువుగా పడుతుంది. ఇది కొత్త సంగతేం కాదు, వైద్యానికి వందేళ్ళుగా తెలిసిందే.

ఈ కూలీల్లో ఎంతమందికి ఊపిరితిత్తుల్లో దుమ్ము మచ్చలున్నాయి, ఎంతమంది ఒంట్లో టీబీ క్రిమి బయటపడకుండా దాగి ఉంది అని చూడటం అధ్యయనం ఉద్దేశం. ఛాతీ ఎక్స్‌రే, గట్టిగా ఊదించే శ్వాస పరీక్ష, దాగి ఉన్న టీబీని చూసే ఇగ్రా అనే రక్తపరీక్ష, ఆపైన కొంత రక్తం ముందుముందు పరీక్షలకని దాచిపెట్టడం, రెండేళ్ళ పాటు ఫోన్లో వాకబు చేయడం. మంచి ప్రశ్నే. టీబీ రాకుండా ముందే వాడే మాత్రలు సిలికోసిస్ ఉన్నవాళ్ళకూ ఇవ్వవచ్చని ప్రభుత్వ టీబీ కార్యక్రమం 2021 మార్గదర్శకాల్లో ఉంది కాబట్టి, జవాబు దొరికితే ఈ మనుషులకే పనికొస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు బలహీన స్థితిలో ఉన్నవాళ్ళ మీద పరిశోధనకు పెట్టే మొదటి షరతు కూడా ఇదే, వాళ్ళ అవసరం కోసం చేస్తున్నదై ఉండాలి, సులువుగా దొరుకుతారని చేయకూడదు. ఆ షరతు దాటింది కాబట్టే మొదట అనుమతి ఇచ్చాం.

అసలు ఇబ్బంది

రిపోర్టు చూశాక కమిటీ తరఫున నన్నూ లాయరు సభ్యుణ్నీ సైటు చూసి రమ్మన్నారు. షెడ్డులో ఒక మూల ప్లాస్టిక్ టేబులు, దాని మీద ఫారాలు, ఇంకు ప్యాడు. పని ఆపకుండా ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. వేలిముద్ర వేసిన ఫారాలు తిరగేస్తుంటే వరసగా కనిపించిందొకటే, గీతల్లేని నల్లటి మరక. రాయి పట్టీ పట్టీ వేళ్ళు అరిగిపోయాయి. "రేషన్ షాపు కాడ గూడా పడదు మేడం" అన్నాడు ఒకాయన, ఇంకా కావాలంటే ఇంకో వేలు ఇస్తానని చెయ్యి ముందుకు పెడుతూ.

ఆయన్నే పక్కకి పిలిచి, ఇది దేనికన్నా అని అడిగాను.

"మా ఓనరు సార్ చేపిస్తాండాడు గదా, ఫ్యాక్టరీ ఖర్చుతో."

వద్దంటే ఏమవుతుంది?

"ఏమైతాది, ఏమీ గాదు." నవ్వాడు. "మేస్త్రీ అడుగుతాడు, అంతే."

ఆ 'అంతే'లో ఏముందో తర్వాత తెలిసింది. సీజను మొదట్లో మేస్త్రీ దగ్గర వేలల్లో అడ్వాన్సు తీసుకుంటారు, కూతురి పెళ్ళికో, బోరు వేసిన అప్పుకో. ఆ లెక్క తీరేదాకా మేస్త్రీ మాట కాదనరు. పిలిస్తే వస్తారు, కూర్చోమంటే కూర్చుంటారు, వేలు పెట్టమంటే పెడతారు.

ఇంకోటి లాయరుగారు పట్టుకున్నారు. చదువురానివాళ్ళ దగ్గర సమ్మతి తీసుకునేటప్పుడు మొదటినుంచి చివరిదాకా నిష్పక్షపాత సాక్షి ఒకరుండి సంతకం పెట్టాలని నిబంధన. ఇక్కడ అన్ని ఫారాల మీదా సాక్షి సంతకం ఒకటే, ఫ్యాక్టరీ సూపర్‌వైజరుది. పరిశోధన బృందాన్ని అడిగితే, ఆయనకి మా అధ్యయనంతో ఏ సంబంధమూ లేదు కాబట్టి నిష్పక్షపాతమే కదా అన్నారు. కాగితం మీద అది నిజం కూడా. పరిశోధకుడికి ఆయన ఏమీ కాడు, కానీ కూలీకి జీతం రాసేది ఆయనే. ఈ తేడా ఫారంలో రాయడానికి గడి లేదు.

లాయరుగారికి అక్కడే ఖమ్మం గుర్తొచ్చింది. 2009లో అక్కడ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 సమ్మతి ఫారాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారని పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదికలో రాసింది. తల్లిదండ్రుల చోట వార్డెన్, ఇక్కడ సాక్షి చోట సూపర్‌వైజరు. టీకా మంచిదా కాదా అన్నది వేరే చర్చ, సంతకం ఎవరు పెట్టారన్నది వేరే చర్చ. మనవాళ్ళు ఈ రెంటినీ కలిపేసి రెండోది మర్చిపోతుంటారు.

కొత్తగా ఎవర్నీ చేర్చుకోవద్దని అప్పటికి ఆపించాం. అప్పటికే తీసిన రక్తం సంగతి తర్వాత చెప్తాను.

చేసి చూసినవి

పరిశోధన బృందం మొదట ఫారాన్ని తేలిక చేసింది. నిజంగానే బాగా చేశారు, గ్రాంథికం తీసేసి మన సీమ మాటల్లో రాశారు, బొమ్మలు పెట్టారు. విన్నాక నాలుగు ప్రశ్నలు అడిగి అర్థమైందో లేదో చూసే పద్ధతీ పెట్టారు. ఫలితం ఏమిటంటే, క్యూలో ముందున్నవాడు బయటికొచ్చి వెనకవాళ్ళకి జవాబులు చెప్పేవాడు. "నీ ఇష్టంతోనేనా అని అడుగుతారు, నా ఇష్టమే అను." అందరూ నాలుగుకి నాలుగు. మళ్ళీ ఒక్కరూ వద్దనలేదు. అర్థం కాకపోవడం అసలు జబ్బు కానప్పుడు అర్థమయ్యేలా చెప్పడం మందు కాదు. వాళ్ళకి మొదటినుంచీ చాలావరకు అర్థమైంది, వద్దనే దారే లేదు.

తర్వాత వీడియో. కొత్త రసాయన మందుల ట్రయల్స్‌లో బలహీన స్థితిలో ఉన్నవాళ్ళ సమ్మతిని ఆడియో, వీడియో రికార్డు చేయాలని నిబంధనల్లో ఉంది. ఇది మందు ట్రయల్ కాదు కాబట్టి తప్పనిసరి కాదు, అయినా బలవంతం ఉంటే కెమెరాలో తెలుస్తుందని కమిటీలో కొందరు పెట్టమన్నారు. కెమెరా ముందు మనుషులు చొక్కా గుండీలు సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒకామె నెమ్మదిగా అడిగిన ప్రశ్న ఫుటేజీలోనే ఉంది, "ఇది ఓనరు కాడికి పోతాదా?" పోదని చెప్పారు. ఆమె నమ్మినట్టు కనపడలేదు. కెమెరాలో పడేది గదిలో ఉన్న బలవంతం. ఇక్కడ బలవంతం ఆర్నెల్ల కిందట ఇచ్చిన అడ్వాన్సులో ఉంది.

మూడో ప్రతిపాదన ప్రధాన పరిశోధకుడిదే. అడ్వాన్సు తీసుకున్నవాళ్ళని అసలు చేర్చకుండా వదిలేద్దాం అన్నాడు. వినడానికి ఇదే అన్నిటికన్నా నీతిగా ఉంది, కమిటీలో సగం మంది తలూపారు కూడా. నేను ఒప్పుకోలేదు. అడ్వాన్సు లేనివాళ్ళు ఎవరు మిగులుతారో లెక్కేయండి, గుమాస్తాలు, లారీ డ్రైవర్లు, కొత్తగా చేరిన కుర్రాళ్ళు. పదేళ్ళూ పదిహేనేళ్ళూ దుమ్ము మింగినవాళ్ళందరికీ అప్పులున్నాయి. వాళ్ళని తీసేస్తే అధ్యయనం చివర "ఈ కూలీల్లో సిలికోసిస్ పెద్దగా లేదు" అని వస్తుంది, ఆ వాక్యాన్ని రేపు ఎవరైనా పట్టుకుని మాస్కులెందుకు, నీళ్ళ పైపులెందుకు అంటారు. కాపాడుతున్నామనుకుంటూ లెక్కలోంచే తీసేయడం ఇది. వైద్య పరిశోధన నీతి మీద ప్రపంచ వైద్య సంఘం చేసిన హెల్సింకీ ప్రకటనను 2024లో సవరించినప్పుడు ఇదే రాశారు, బలహీనులను చేర్చడం వల్ల కలిగే హానితో పాటు వదిలేయడం వల్ల కలిగే హానిని కూడా తూచి చూడాలని. ఆ పేరా చదివి వినిపించాక వాదన కొంచెం మా వైపు తిరిగింది.

ఓనర్లతో పనే లేకుండా నేరుగా కాలనీ ఇళ్ళకి వెళ్ళి చూశారు. అదీ కుదరలేదు. లేబరు ఆఫీసువాళ్ళు వచ్చారని మేస్త్రీలు ముందే పుకారు పుట్టించారు, తలుపులు మూసుకున్నాయి. తలుపు తీసిన ఇంట్లోవాళ్ళకి మర్నాడు పనిలో ప్రశ్నలు. ఓనరుకి తెలియకుండా చేయడం కూలీకి మేలు అనుకుంటాం, కానీ తర్వాత తెలిస్తే దెబ్బ పడేది కూలీ మీదే.

పనిచేసింది

ఇక్కడికి వచ్చేసరికి ఒకటి స్పష్టమైంది. వద్దనే హక్కు ఉందని చెప్పడం చాలదు, వద్దన్న సంగతి ఎవరికీ తెలియకుండా వద్దనే వీలు కావాలి. మిగతా మార్పులన్నీ దీని చుట్టూనే పేర్చాం.

ఓనరు అనుమతిని రెండుగా విడగొట్టాం. కూలీలకి ఆరోగ్య పరీక్షలు జరుగుతాయని ఓనర్లకి తెలియాలి, దానికి వాళ్ళ ఒప్పుకోలు తీసుకున్నాం. ఎవరు పరిశోధనలో చేరారన్నది మాత్రం వాళ్ళకి ఎప్పటికీ తెలియకూడదు. క్యాంపు ఫ్యాక్టరీలో కాకుండా సెలవు రోజున కాలనీ స్కూల్లో పెట్టాం. జిల్లా టీబీ విభాగంతో మాట్లాడి మొబైల్ ఎక్స్‌రే తెప్పించారు. వచ్చిన ప్రతి మనిషికీ బీపీ, షుగరు, ఊదే పరీక్ష, ఎక్స్‌రే, హిమోగ్లోబిన్, ఇవన్నీ సేవ కింద, పరిశోధనతో సంబంధం లేకుండా. చివరిది తలుపు మూసిన గది. అందులో కౌన్సెలర్, ఆ మనిషి, సాక్షి, రక్తం తీసే నర్సు తప్ప ఇంకెవరూ ఉండరు. ఇగ్రాకి, దాచిపెట్టడానికి అదనంగా రక్తం ఇస్తారా లేదా అన్నది అక్కడే అడుగుతారు. హిమోగ్లోబిన్‌కి ఎలాగూ ఆ గదిలోనే అందరి రక్తమూ తీస్తారు కాబట్టి, బయటికి వచ్చేటప్పుడు అందరి మోచేతి మడత దగ్గరా ఒకటే దూది, ఒకటే ప్లాస్టరు. గదిలో గడిపే సమయం కూడా ఇంచుమించు ఒకటే ఉండేలా చూశారు, వద్దన్నవాళ్ళతో దుమ్ము, మాస్కు, టీబీ లక్షణాల గురించి మాట్లాడుతూ. ఇది మాకు తట్టింది కాదు, ఫీల్డులో పనిచేసే నర్సు చెప్పింది.

డబ్బు దగ్గర కమిటీలో చాలాసేపు తర్జనభర్జన జరిగింది. మొదటి పద్ధతిలో పోయిన కూలికి బదులుగా ఐదు వందలు, అదీ రక్తం ఇచ్చాకే. అంటే వద్దనేవాడు కూలి పోగొట్టుకుని ఊరికే పోవాలి. ఐదు వందలు ప్రలోభం, తగ్గించండి అన్నారు ఒక సభ్యులు. తగ్గిస్తే కూలీకి నష్టం తప్ప ఇంకేం జరగదని నా వాదన. మొత్తం అలాగే ఉంచి, ఇచ్చే సమయం మార్చాం. గదిలోకి రాగానే, ఏమీ అడగకముందే, విన్నందుకూ సమయం ఇచ్చినందుకూ డబ్బు చేతిలో పెట్టడం. ఆ తర్వాత ఊ అన్నా ఉహూ అన్నా తేడా లేదు. ప్రధాన పరిశోధకుడు డబ్బు తీసుకుని అందరూ వెళ్ళిపోతారని టెన్షన్ పడ్డాడు. అలా ఏం జరగలేదు.

సాక్షిని ఆ మనిషే ఎంచుకోవాలి. డ్వాక్రా సంఘం లీడరు, డిగ్రీ చదివే మేనల్లుడు, పక్కింటి టీచరు, ఎవరైనా సరే, మేస్త్రీ, సూపర్‌వైజరు, వాళ్ళ బంధువులు తప్ప. వివరాలన్నీ ముందుగానే కాలనీలో చెప్పి, క్యాంపుకి కొన్ని రోజుల వ్యవధి ఇచ్చాం, ఇంట్లో మాట్లాడుకోవడానికి. ఆడవాళ్ళు అడిగిన ప్రశ్నలు కమిటీలో మేం అడిగినవాటికన్నా పదునుగా ఉన్నాయి. "మచ్చ ఉందని తేలితే పనిలో నుంచి తీసేస్తారు. అప్పుడు ఇల్లు గడిచేది ఎట్ల?" దీనికి జవాబు పాత ఫారంలో లేదు.

ఆ ప్రశ్న వల్లే గోప్యత పేరా తిరగరాశాం. పాత ఫారంలో "మీ వివరాలు పూర్తిగా రహస్యంగా ఉంచుతాం" అని ఉంది, అది అబద్ధం. టీబీ తేలితే ప్రభుత్వానికి చెప్పాలన్నది 2012 నుంచి తప్పనిసరి, పేరు టీబీ రోగులను నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లోకి ఎక్కుతుంది. సిలికోసిస్ అయితే, 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948 కింద, 89వ సెక్షను ప్రకారం, డాక్టరు ఫ్యాక్టరీల ముఖ్య ఇన్‌స్పెక్టరుకి తెలియజేయాల్సి ఉండేది. రెండూ కూలీకి మేలు కోసం పెట్టినవే. టీబీకి ఉచిత మందులు, పౌష్టికాహారానికి నెలకి వెయ్యి రూపాయలు వస్తాయి. సిలికోసిస్ అప్పట్లో అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టం జాబితాలో వృత్తి వ్యాధిగా ఉండేది. కానీ మేలు కోసమే అయినా పేరు బయటికి పోతుంది కదా, ఆ సంగతి ముందే చెప్పాలి. ఇవన్నీ అధ్యయనంలో చేరకపోయినా ఎక్స్‌రే తీయించుకున్న ప్రతివాళ్ళకీ వర్తిస్తాయి కాబట్టి, ఎక్స్‌రే టేబులు దగ్గరే, మిషను ముందు నిలబడకముందే చెప్పే ఏర్పాటు చేశాం. బృందంలో కొందరు ఇది చెప్తే ఎవరూ రారన్నారు. కొందరు నిజంగానే రాలేదు. ఎక్స్‌రే దగ్గరే వెనక్కి తిరిగినవాళ్ళూ ఉన్నారు.

గదిలోకి వెళ్ళినవాళ్ళలో పదిమందికి ఇద్దరు ముగ్గురు వద్దనడం మొదలైంది. ఇగ్రాకి ఒప్పుకుని, రక్తం దాచిపెట్టడానికి మాత్రం ఒప్పుకోనివాళ్ళు ఇంకొందరు. ఈ రెండో రకం చూశాకే నాకు ధైర్యం వచ్చింది. ఒకదానికి సరే అని ఇంకోదానికి వద్దంటున్నారంటే విని, తూచి చెప్తున్నారన్నమాట.

ఒకాయన సంగతి చెప్పాలి. నలభై దాటిన మనిషి, మాట్లాడుతుంటేనే దగ్గు. పరిశోధన వద్దన్నాడు, కారణం చెప్పలేదు, అడగకూడదు కూడా. ఎక్స్‌రే మాత్రం తీయించుకున్నాడు. టీబీ అని తేలింది, ప్రభుత్వ కేంద్రంలో మందులు మొదలయ్యాయి. అధ్యయనం రికార్డుల్లో ఆయన పేరు ఎక్కడా లేదు. పరిశోధకుల కోణంలో చూస్తే కావలసిన కేసు చేజారింది. ఆ మాట ప్రధాన పరిశోధకుడు కొంచెం బాధగానే అన్నాడు, ఆ బాధ నాకు అర్థమైంది. వద్దన్నవాళ్ళు పెరిగితే ఫలితాలు ఒకవైపు వాలే ప్రమాదం నిజంగానే ఉంది, దగ్గు ఉన్నవాళ్ళే ఎక్కువగా తప్పుకుంటే జబ్బు ఉన్నదానికన్నా తక్కువగా కనపడుతుంది. అందుకని వద్దన్నవాళ్ళ వయసు, ఎన్నేళ్ళ పని అన్న రెండు మాత్రం, వాళ్ళని అడిగి, పేరు లేకుండా రాసుకునే ఏర్పాటు చేశారు. ఒప్పుకోలులో బలవంతం ఉంటే ఫోన్లో వాకబు దగ్గరే సగం మంది జారిపోయేవాళ్ళు, ఆ నష్టం దీనికన్నా పెద్దది.

ముందు తీసిన రక్తం విషయానికి వస్తే, అందరికీ కొత్త గదిలో మళ్ళీ చెప్పి, మళ్ళీ అడిగారు. వద్దన్నవాళ్ళ నమూనాలు పారేశారు. ఆచూకీ దొరకనివాళ్ళవి వాడొద్దన్నాం. బుడగ జంగాల పాటలా ఈ ముక్క మీటింగు మీటింగుకీ తిరిగి వచ్చింది, ఖర్చుపెట్టి తీసిన నమూనాలు అని. కమిటీ దిగలేదు.

ఓనర్లలో ఒకాయన మర్యాదగా వచ్చి జాబితా అడిగాడు. "ఎవరికి బాగలేదో చెప్పండి, వాళ్ళకి తేలిక పని ఇస్తాను." నిజంగానే ఇచ్చేవాడేమో, ఆయన మంచితనాన్ని శంకించడం లేదు. ఆయన తేలిక పని ఇవ్వకపోతే ఏమవుతుందో ఊహించి నిర్ణయం తీసుకోవాలి కాబట్టి జాబితా ఇవ్వలేదు. ఫ్యాక్టరీల వారీ లెక్కలూ ఇవ్వలేదు. పదిమంది పనిచేసే షెడ్డులో ఇద్దరికి ఉందని చెప్తే ఆ ఇద్దరెవరో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. అన్ని షెడ్లనీ కలిపిన అంకెలే ఇచ్చి, తడిపి కోయడం, దుమ్ము లాగే ఫ్యాను, సరైన మాస్కు గురించి అందరికీ ఒకే సలహా పంపారు.

ఈ కేసు తర్వాత మా కమిటీ దరఖాస్తు ఫారంలో కొన్ని ప్రశ్నలు చేరాయి. ఈ మనిషిని మీ దగ్గరికి తెచ్చేది ఎవరు, ఆయనకి ఈ మనిషి ఏ రకంగా బాకీ? వద్దంటే ఆ సంగతి ఎవరెవరికి తెలుస్తుంది? వద్దన్నవాళ్ళకి డబ్బు, సేవ ఏం దక్కుతుంది? సాక్షిని ఎవరు ఎంచుకుంటారు? "పాల్గొనేవారు బలహీన వర్గమా? అవును, కాదు" అనే పాత గడి ఇంకా ఉంది, కానీ దాని మీద టిక్కు పెట్టినంత మాత్రాన ఇప్పుడు ఫైలు ముందుకి పోదు. అదే కూలీ సొంతూళ్ళో తన చేను దగ్గర ఉన్నప్పుడు అడిగితే మొహం మీదే వద్దంటాడు, ఈ షెడ్డులో అనలేడు.

మిగిలిపోయింది ఒకటుంది. ఈ షెడ్లలో బీహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళూ చాలామంది ఉన్నారు, మిషన్ల పక్కనే రేకుల గదుల్లో ఉంటారు, కాలనీ లేదు, పక్కింటి టీచరు లేడు, సంఘం లీడరు లేదు. తెలుగు కౌన్సెలర్లతో వాళ్ళని అడగడం కుదరదు కాబట్టి ఆ విడతలో చేర్చలేదు. వదిలేయడం వల్ల కలిగే హాని గురించి అంత వాదించి మళ్ళీ మేమే వదిలేస్తే ఎలాగని, వాళ్ళ కోసం విడిగా సవరణ దరఖాస్తు పంపమన్నాం. వచ్చింది. హిందీ, ఒడియా ఫారాలు శుభ్రంగా ఉన్నాయి, కౌన్సెలర్ల వివరాలూ బాగున్నాయి. సాక్షి ఎవరు అన్న చోట మాత్రం "లేబర్ కాంట్రాక్టర్" అని రాసి ఉంది. తిప్పి పంపాం.